నల్లగొండ నుంచే బ్రిటిష్ నేవీ అధికారి సర్వీసు చరిత్ర తీయడం ఎట్లా

1941లో క్రీట్ దీవి నుంచి సైనికులను తరలించిన ఓడల్లో 'నిజాం' అనే డిస్ట్రాయర్ (చిన్న, వేగమైన యుద్ధనౌక) ఒకటి. ఏడో నిజాం ఇచ్చిన డబ్బుతో తయారైన ఓడ అది. ఆయన బిరుదే పేరుగా ఆస్ట్రేలియా నౌకాదళంలో పనిచేసింది. అప్పుడు మధ్యధరా సముద్రంలోని బ్రిటిష్ నౌకాదళానికి కమాండర్-ఇన్-చీఫ్ అడ్మిరల్ ఆండ్రూ బ్రౌన్ కన్నింగ్‌హామ్. హైదరాబాద్ సంస్థాన చరిత్ర మీద పనిచేసే మన మహాత్మా గాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ విద్యార్థులకు ఇట్లాంటి పేర్లు తగులుతూనే ఉంటాయి. 1914 సెప్టెంబరు 22న మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ గురించి రాసినా, మెసొపొటేమియాకు (ఇప్పటి ఇరాక్‌కు) వెళ్లిన మన సిపాయిల గురించి రాసినా ఎవరో ఒక నేవీ అధికారి అడ్డం వస్తాడు. చాలామంది "పేరున్న నావికాధికారి" అని ఒక మాట రాసి దాటేస్తారు. అట్లా దాటేయాల్సిన పనిలేదు. 1890 నుంచి 1920 దాకా బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసిన అధికారి ఏ ఏడాది, ఏ నెలలో, ఏ ఓడ మీద ఉన్నాడో సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన ఊళ్ల నుంచే తేల్చవచ్చు. కావాల్సింది ఓపిక, ఒక పట్టిక, తారీఖుల మీద పట్టుదల.

ముందు చేతిలో ఉండాల్సినవి

అధికారి పూర్తి పేరు, పుట్టిన సంవత్సరం, ఆయన పనిచేసిన ఏదో ఒక ఓడ పేరు. ఈ మూడింటిలో రెండు ఉన్నా పని మొదలుపెట్టవచ్చు. ఇంటిపేరు ఒక్కటే ఉంటే మాత్రం ముందు మిగతావి వెతకండి. కన్నింగ్‌హామ్‌లే ఇద్దరున్నారు. ఆండ్రూ బ్రౌన్ 1883లో డబ్లిన్‌లో పుట్టాడు, జాన్ హెన్రీ డాక్రస్ 1885లో బ్రిటిష్ గయానాలో పుట్టాడు. ఇద్దరూ మధ్యధరా నౌకాదళాన్ని నడిపారు, ఇద్దరూ ఫస్ట్ సీ లార్డులయ్యారు, అంటే నౌకాదళ అధిపతులు. 1946లో మొదటివాడు దిగిపోతే ఆ కుర్చీలో కూర్చున్నది రెండోవాడే. మధ్య పేరు రాసుకోకపోతే ఒకరి ఓడలు ఇంకొకరి ఖాతాలో పడతాయి.

కంప్యూటర్ ఉంటే మేలు. పాత జాబితాల పేజీల్లో అక్షరాలు బాగా చిన్నవి, ఫోన్‌లో 3ను 8గా చదవడం ఖాయం. చేతిరాత రికార్డు దొరికితే దాన్ని ఏ-3 సైజులో ప్రింట్ తీయించండి. ఏ-4 మీద తీస్తే అంచుల్లో రాసిన తారీఖులు కోసుకుపోతాయి. క్లాక్ టవర్ దగ్గరి జిరాక్స్ షాపుల్లో "ఫిట్ టు పేజ్" పెట్టమని చెప్పి, రంగుల్లో తీయించండి. అసలు కాగితం మీద ఎర్ర సిరాతో, నల్ల సిరాతో వేర్వేరుగా రాసిన గుర్తులు బ్లాక్ అండ్ వైట్‌లో కలిసిపోతాయి.

నోటుబుక్కులోనో ఎక్సెల్‌లోనో ఐదు గడులు గీయండి: తారీఖు, హోదా, ఓడ లేదా చోటు, అక్కడ చేసిన పని, ఆ సంగతి ఎక్కడ దొరికింది. ఐదో గడి నింపకుండా ఏ వరుసా రాయవద్దు. రెండు నెలల తర్వాత ఇద్దరు సాక్షులు వేర్వేరు తారీఖులు చెప్పినప్పుడు ఎవరిని నమ్మాలో తేల్చేది ఆ గడే.

మొదటి మెట్టు: సీనియారిటీ తారీఖు

ఓడల పేర్లతో మొదలుపెట్టడం సహజంగా అనిపిస్తుంది కానీ అది తప్పుదారి. పహాణీలో పేర్లు ఎన్ని మారినా సర్వే నంబరు పట్టుకుంటే భూమి దొరుకుతుంది, ఇక్కడ ఆ సర్వే నంబరు సీనియారిటీ తారీఖు. ప్రతి అధికారికి ప్రతి హోదాలోనూ ఫలానా రోజు నుంచి సీనియారిటీ అని ఒక తారీఖు ఉంటుంది. ఒకే పేరున్నవాళ్లను విడదీసేది అదే, తర్వాతి హోదా ఎప్పుడు రావచ్చో లెక్క చెప్పేదీ అదే.

ఇది దొరికేది నేవీ లిస్టులో. అడ్మిరల్టీ, అంటే బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే ప్రభుత్వ శాఖ, అచ్చువేసిన అధికారుల జాబితా అది. 1913 నుంచి 1921 వరకు వచ్చినవి స్కాట్లండ్ నేషనల్ లైబ్రరీ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. అంతకుముందువి కొన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. లిస్టులో మనకు కావాల్సినవి మూడు భాగాలు. అకారాది వరుసలో పేర్లు, హోదాల వారీగా సీనియారిటీ వరుస, ఓడల వారీగా ఎవరెవరు ఎప్పటి నుంచి ఉన్నారు అన్న పట్టిక. అకారాది భాగంలో పేరు పక్కన ఒక అంకె ఉంటుంది, అది ఓడల పట్టికలో ఆయన ఉన్న ఓడను చూపిస్తుంది. ఈ అంకె ఒక సంచికకూ మరో సంచికకూ మారిపోతుంది, ఎందుకంటే మధ్యలో కొత్త ఓడలు వచ్చి వరుసలో చేరతాయి. జనవరి లిస్టులో అంకె చూసి ఏప్రిల్ లిస్టులో ఓడ వెతికితే తప్పుడు ఓడ దొరుకుతుంది, అది తప్పని తెలియదు కూడా. అంకె, ఓడ రెండూ ఒకే సంచికలో చూడండి.

సంచిక మీద ఉన్న నెలను కూడా పూర్తిగా నమ్మవద్దు. లోపల "ఫలానా తేదీ వరకు సరిచేసినది" అని ఉంటుంది, అది ముందు నెల తేదీ అయివుంటుంది. మీ పట్టికలో ఆ సరిచేసిన తేదీనే రాయండి.

హోదాల మెట్లు, ఏళ్లతో సహా

మెట్లు తెలియకపోతే తారీఖులు చదవలేం. 20వ శతాబ్దం మొదట్లో నేవీలో చేరేది చిన్నపిల్లలు. 1903 వరకు డార్ట్‌మత్‌లో లంగరేసి ఉన్న బ్రిటానియా అనే శిక్షణ ఓడ మీద 13-15 ఏళ్ల వయసులో చేరేవారు. 1902 చివర్లో అప్పటి నౌకాదళ మంత్రి సెల్బోర్న్ ప్రకటించిన పథకంతో ఇది మారింది. 12-13 ఏళ్లకే ఓస్బోర్న్ కాలేజీలో రెండేళ్లు, తర్వాత డార్ట్‌మత్‌లో 1905లో తెరిచిన కాలేజీలో రెండేళ్లు. ఆ మీదట శిక్షణ ఓడ, తర్వాత మిడ్‌షిప్‌మన్, అంటే ఓడ మీద పని నేర్చుకునే కుర్ర అధికారి. 1913 నుంచి బడి చదువు ముగించుకుని 18 ఏళ్లకు దగ్గరపడ్డవాళ్లను నేరుగా తీసుకునే స్పెషల్ ఎంట్రీ మొదలైంది. మామూలు నావికుడిగా చేరినవాడు అధికారి కావడానికి 1912లో 'మేట్' అనే దారి తెరిచారు. కాబట్టి మీ అధికారి ఏ వయసులో చేరాడో చూస్తే ఏ దారిన వచ్చాడో తెలుస్తుంది.

మిడ్‌షిప్‌మన్‌గా సుమారు మూడేళ్లు. తర్వాత సీమాన్‌షిప్ (ఓడ పని), నావిగేషన్ (సముద్రంలో దారి లెక్క), పైలటేజ్ (తీరం దగ్గర ఓడ నడపడం), గన్నరీ (ఫిరంగులు), టార్పెడో పరీక్షలు. ఒక్కొక్కదానికి మొదటి, రెండో, మూడో తరగతి సర్టిఫికెట్లు ఇచ్చేవారు. మొదటి తరగతులు ఎన్ని ఎక్కువైతే లెఫ్టినెంట్ హోదా అంత త్వరగా వచ్చేది. ఇద్దరు ఒకేరోజు సబ్-లెఫ్టినెంట్లయి (మిడ్‌షిప్‌మన్‌కూ లెఫ్టినెంటుకూ మధ్య మెట్టు) ఏడాది తేడాతో లెఫ్టినెంట్లయితే కారణం చాలావరకు ఇదే. పలుకుబడి అని ఊహించకముందు సర్టిఫికెట్లు చూడండి.

లెఫ్టినెంట్ అయ్యాక కొందరు నైపుణ్యం ఎంచుకుంటారు. లిస్టులో పేరు పక్కన బ్రాకెట్లో జీ అంటే గన్నరీ, టీ అంటే టార్పెడో, ఎన్ అంటే నావిగేషన్. గన్నరీ బడి పేరు ఎక్సెలెంట్, టార్పెడో బడి వెర్నన్, నావిగేషన్ బడి డ్రయాడ్. ఈ మూడింటికీ ముందు ఓడల పేర్లకు పెట్టే హెచ్.ఎం.ఎస్. (రాజుగారి ఓడ) అని ఉంటుంది, దీనితోనే చిక్కు వస్తుంది, కింద చూద్దాం.

1914 మార్చి వరకు లెఫ్టినెంట్-కమాండర్ అనే హోదానే లేదు. ఎనిమిదేళ్ల సీనియారిటీ ఉన్న లెఫ్టినెంటుకు చేతి పట్టీ మీద రెండు గీతల మధ్య ఒక సన్న గీత అదనంగా ఉండేది, అంతే. 1914 మార్చిలో ఆ ఎనిమిదేళ్లవాళ్లందరినీ లెఫ్టినెంట్-కమాండర్ అన్నారు. కాబట్టి 1910 నాటి కాగితంలో "లెఫ్టినెంట్ అండ్ కమాండర్" అని కనిపిస్తే అది హోదా అనుకోవద్దు. చిన్న ఓడను నడిపే లెఫ్టినెంట్ అని దాని అర్థం.

లెఫ్టినెంట్-కమాండర్ దాకా కాలం గడిస్తే వచ్చేస్తుంది. కమాండర్, కెప్టెన్ హోదాలు ఎంపిక మీద వస్తాయి. ఈ ఎంపికలు మామూలుగా ఏడాదికి రెండుసార్లే: జూన్ 30, డిసెంబరు 31. ఈ రెండు తారీఖులు మనసులో పెట్టుకుంటే సగం పని తేలిక. ఇంకేదో తారీఖున కమాండర్ అయినట్టు కనిపిస్తే రెండు కారణాలుండవచ్చు. యుద్ధంలో చేసిన పనికి ప్రత్యేకంగా ఇచ్చి ఉంటారు, లేదా మీరు చదివింది తప్పు. రెండోది ముందు చూసుకోండి.

కెప్టెన్ అయ్యాక ఇక వరుసే. పైవాళ్లు తప్పుకుంటే కిందివాడు రియర్ అడ్మిరల్ అవుతాడు, కాకపోతే నిర్ణీత కాలం ఓడ మీద గడిపి ఉండాలి. డేవిడ్ బీటీ 1900లో 29 ఏళ్లకే కెప్టెన్ అయ్యాడు, వరుసలో పైకొచ్చేసరికి సముద్ర సర్వీసు సరిపోలేదు. ప్రత్యేక ఆర్డర్-ఇన్-కౌన్సిల్ (రాజు పేరిట వచ్చే ఉత్తర్వు) తెచ్చి 1910 జనవరి 1న ఆయనను రియర్ అడ్మిరల్ చేశారు. అప్పుడాయనకు 38 ఏళ్లు. నిబంధన ఎంత గట్టిదో ఆ మినహాయింపును చూస్తే తెలుస్తుంది.

సైన్యం హోదాలతో పోల్చేటప్పుడు జాగ్రత్త. నేవీ లెఫ్టినెంట్ సైన్యంలో కెప్టెన్‌కు సమానం. నేవీ కెప్టెన్ మూడేళ్ల సీనియారిటీ దాటితే కర్నల్‌తో సమానం. పైగా ఓడను నడిపేవాణ్ణి, హోదా ఏదైనా, నోటిమాటగా కెప్టెన్ అనడం మామూలు. తెలుగులో రాసేటప్పుడు హోదా చెప్తున్నారా, ఓడ బాధ్యత చెప్తున్నారా స్పష్టంగా రాయండి.

రెండో మెట్టు: గెజెట్, సర్వీసు రికార్డు

సీనియారిటీ తారీఖు దొరికాక బ్రిటిష్ ప్రభుత్వ రాజపత్రం లండన్ గెజెట్‌కు వెళ్లండి, ఆన్‌లైన్‌లో ఉచితం. పేరు కొట్టి వెతికితే చాలాసార్లు దొరకదు, ఎందుకంటే పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదివి ఉంటుంది. పదోన్నతి తారీఖు నుంచి రెండు వారాల వరకు పరిధి పెట్టి, అడ్మిరల్టీ అనే మాటతో వెతికి, పేజీలు కళ్లతో చదవండి. యుద్ధకాలపు అనుబంధ సంచికలకు వేరే తేదీలుంటాయి. జర్మన్ నౌకాదళంతో జట్లాండ్ యుద్ధం 1916 మే 31న జరిగితే బ్రిటిష్ దళాన్ని నడిపిన జెలికో నివేదిక గెజెట్‌లో వచ్చింది జూలై 6న. కాబట్టి పట్టికలో సంచిక నంబరు, పేజీ, తేదీ మూడూ రాయండి.

ఆ తర్వాత అసలు సర్వీసు రికార్డు. ఇది లండన్ శివారులో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏ.డి.ఎం. (అడ్మిరల్టీ కాగితాలు) 196 వరుసలో ఉంటుంది. 1917కు ముందు చేరిన అధికారులకు ముందు ఇక్కడే చూడాలి. వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీ ఇచ్చి వెతికితే స్కాన్ కాపీ దొరుకుతుంది. రుసుము కట్టాల్సి వస్తే ముందు మీ బ్యాంకు యాప్‌లో కార్డుకు అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయండి. మన కార్డులు మామూలుగా దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. పేమెంటు ఆగిపోతే చాలామంది వెబ్‌సైటును తిట్టుకుంటారు, తాళం మాత్రం మన ఫోన్‌లోనే ఉంటుంది. పని కాగానే మళ్లీ ఆఫ్ చేయండి. ఒకే అధికారికి రెండు మూడు రికార్డులుండవచ్చు, మొదటిది దొరకగానే ఆగిపోవద్దు.

రికార్డు చేతిరాతలో ఉంటుంది. ఒక్కో వరుసలో ఓడ పేరు, చేరిన రోజు, వదిలిన రోజు. కింద ప్రతి కెప్టెన్ రాసిన అభిప్రాయం. వి.జి. అంటే చాలా మంచివాడు, వి.జి.ఐ. అంటే అంతకన్నా గట్టి మెచ్చుకోలు. ఈ మెచ్చుకోళ్లు ఆ కాలంలో ధారాళంగా రాసేవారు, కనుక ఒక్క వి.జి. చూసి "అసాధారణ ప్రతిభావంతుడు" అని రాయకండి. అభిప్రాయం రాసిన కెప్టెన్ ఎవరు, వరుసగా నలుగురైదుగురు ఒకే మాట అన్నారా చూడండి. నలుగురు మెచ్చి ఒకడు తిట్టాడంటే ఆ ఒకడి గురించి కూడా వెతకాలి. హెచ్.పి. అంటే సగం జీతం.

ఎక్కడెక్కడ దారి తప్పుతారు

అన్నిటికన్నా ఎక్కువమంది పడేది హెచ్.ఎం.ఎస్. అనే మూడక్షరాల దగ్గర. నేవీలో గట్టు మీద ఉన్న బ్యారకులకు, బడులకు, ఆఫీసులకు కూడా ఓడ పేరే పెడతారు, అధికారి జీతం ఆ ఓడ పుస్తకంలో రాస్తారు. రికార్డులో 'విక్టరీ' అని ఉంటే నెల్సన్ నడిపిన చారిత్రక ఓడ మీద పనిచేశాడని కాదు, పోర్ట్స్‌మత్ బ్యారకుల్లో ఉన్నాడని. వివిడ్ అంటే డెవన్‌పోర్ట్, పెంబ్రోక్ అంటే చాథమ్. ప్రెసిడెంట్ అంటే ఎక్కువసార్లు లండన్‌లో అడ్మిరల్టీ ఆఫీసు కుర్చీ. 1917 నుంచి రెండేళ్లు ప్రెసిడెంట్ మీద ఉన్నవాణ్ణి సముద్రంలో యుద్ధం చేశాడని రాస్తే మొత్తం వ్యాసం పాడైపోతుంది.

జలాంతర్గాములు, డిస్ట్రాయర్ల దగ్గర ఇంకో రకం చిక్కు. ఇవి చిన్నవి, వీటి అధికారుల పేర్లు తల్లి ఓడ పుస్తకంలో ఉంటాయి. మెయిడ్‌స్టోన్ అనో, గోస్‌పోర్ట్‌లోని డాల్ఫిన్ అనో కనిపిస్తే జలాంతర్గామి మనిషి అయివుండవచ్చు, ఏ జలాంతర్గామో విడిగా వెతకాలి.

ఓడల పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. హుడ్ పేరుతో 1891లో నీళ్లలోకి దింపిన యుద్ధనౌక ఒకటి ఉండేది. 1914 నవంబరులో పోర్ట్‌లాండ్ రేవులో దారి మూయడానికి దాన్ని ముంచేశారు. అందరికీ తెలిసిన హుడ్ 1918లో దింపినది, పని మొదలుపెట్టింది 1920లో. 1912లో హుడ్ అని కనిపిస్తే ఏ హుడ్డో తారీఖే చెప్తుంది.

కమోడోర్ అనేది ఆ రోజుల్లో ఒక పదవి. పదవి అయిపోతే ఆయన మళ్లీ కెప్టెనే, దాన్ని హోదా తగ్గించడంగా రాయకండి. రిటైరైనవాళ్ల హోదాలు కూడా ఇంతే. కమాండర్‌గా దిగిన మనిషికి రిటైరయ్యాక కెప్టెన్ హోదా ఇవ్వడం ఉండేది. రిటైరైన రియర్ అడ్మిరల్ ఇంట్లో కూర్చునే వైస్ అడ్మిరల్ అయ్యేవాడు. "వైస్ అడ్మిరల్‌గా నౌకాదళాన్ని నడిపాడు" అని రాసేముందు ఆ హోదా యాక్టివ్ లిస్టులోనిదా, రిటైర్డ్ లిస్టులోనిదా చూడండి.

సగం జీతం మీద ఉన్న నెలలు శిక్ష కాదు. ఒక ఓడ వదిలి ఇంకో ఓడ దొరికేదాకా కెప్టెన్లు అట్లా ఉండటం మామూలు. 1922లో సర్వీసు తెగిపోతే అవమానం వెతకకండి, ఆ ఏడాది గెడ్డెస్ కమిటీ ఖర్చుల కోతలో ఎందరో అధికారులు ఇంటికి పోయారు. కోర్టు మార్షల్ అన్న మాట చూసి కూడా ఉలిక్కిపడొద్దు. ఓడ పోతే దాని కెప్టెన్‌ను విచారించడం నేవీ ఆనవాయితీ, నిర్దోషిగా బయటపడ్డవాళ్లు చాలామంది. కాకపోతే తీర్పు ఒకటి, తర్వాతి బతుకు ఇంకొకటి కావచ్చు. జర్మన్ యుద్ధనౌక గోబెన్‌ను అడ్డుకోలేదని 1914 నవంబరులో రియర్ అడ్మిరల్ ట్రూబ్రిడ్జ్‌ను విచారించి నిర్దోషి అన్నారు. అయినా సముద్రం మీద ఆయనకు మళ్లీ ఏ పదవీ ఇవ్వలేదు. అందుకే తీర్పుతో ఆగకుండా తర్వాతి ఐదేళ్ల వరుసలు చదవాలి.

పతకాల్లో 1914-15 స్టార్, బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్ యుద్ధంలో పనిచేసినవాళ్లకు మామూలుగా వచ్చేవే, సాహసానికి గుర్తులుగా చూపవద్దు. సాహసానికి వి.సి. (విక్టోరియా క్రాస్), డి.ఎస్.ఓ. (డిస్టింగ్విష్డ్ సర్వీస్ ఆర్డర్), డి.ఎస్.సి. (డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్) చూడండి. డి.ఎస్.సి. 1901లో వేరే పేరుతో పుట్టింది, 1914లో ఈ పేరొచ్చింది.

ఒక అధికారి మీద పెట్టి చూద్దాం

ఆండ్రూ కన్నింగ్‌హామ్ పుట్టింది 1883 జనవరి 7న, బ్రిటానియాలో చేరింది 1897 జనవరిలో. అంటే 14 ఏళ్లు, పాత దారిన వచ్చాడు. లెఫ్టినెంట్ సీనియారిటీ 1904 మార్చి 31. దానికి ఎనిమిదేళ్లు కలపండి, 1912 మార్చి 31. కాబట్టి 1913 లిస్టులో ఆయన ఇంకా లెఫ్టినెంటే, 1914 మార్చి తర్వాతి లిస్టులో లెఫ్టినెంట్-కమాండర్. ఇంత చిన్న లెక్కతో 1913 ఫొటో కింద తప్పు హోదా రాయకుండా తప్పించుకోవచ్చు. కమాండర్ 1915 జూన్ 30న, కెప్టెన్ 1919 డిసెంబరు 31న. రెండూ అర్ధ సంవత్సరపు ఎంపిక రోజులే, సరిపోయాయి.

ఇప్పుడు ఓడల గడి. 1911 నుంచి 1918 దాకా ఒకే డిస్ట్రాయర్, స్కార్పియన్. ఇది మామూలు సంగతి కాదు, ఒకే ఓడ మీద ఏడేళ్లు ఉండటం అరుదు, అందుకే రెండు సంచికల్లో సరిచూసి తీరాలి. సరిచూస్తే నిజమే. 1915లో ఆ ఓడ టర్కీలోని డార్డనెల్స్ జలసంధిలో ఉంది. 1916లో డి.ఎస్.ఓ., 1919లో దానికి బార్ (అదే పతకం మళ్లీ వచ్చిందనే గుర్తు), 1920లో బాల్టిక్ పనికి రెండో బార్. ఇంత రాసుకున్నాక వ్యాసంలో చెప్పాల్సిన ప్రశ్న దానంతటదే బయటపడుతుంది: పెద్ద యుద్ధనౌకల మీద పేరు తెచ్చుకునే కాలంలో ఈయన చిన్న ఓడల మీదే ఎందుకు ఎదిగాడు? తారీఖులు లేకుండా రాసినవాళ్లకు ఈ ప్రశ్న తట్టదు.

ఓడ ఆ రోజు ఎక్కడుందో కావాలంటే ఏ.డి.ఎం. 53లోని లాగ్ పుస్తకాలు (ఓడల రోజువారీ నమోదులు) చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి వందల ఓడల లాగ్‌లను వాలంటీర్లు చదివి నావల్-హిస్టరీ డాట్ నెట్‌లో టైపు చేసి పెట్టారు. లాగ్ ఓడ స్థానాన్ని రుజువు చేస్తుంది, మీ అధికారి ఆ రోజు దాని మీద ఉన్నాడని కాదు. సెలవులో ఉండవచ్చు, ఆస్పత్రిలో ఉండవచ్చు, అది సర్వీసు రికార్డుతో కలిపి చూడాలి. యుద్ధంలో చనిపోయినవాడైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో తేదీ ఉంటుంది. శవం దొరకనివాళ్ల పేర్లు పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాథమ్ స్మారకాల మీద ఉంటాయి.

మన వైపు రాసేవాళ్లకు ఒక ముఖ్యమైన సంగతి. బొంబాయి కేంద్రంగా పనిచేసిన రాయల్ ఇండియన్ మెరైన్ వేరు, రాయల్ నేవీ వేరు. మెసొపొటేమియా నదుల్లో ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు. అక్కడి అధికారి పేరు నేవీ లిస్టు సీనియారిటీ వరుసలో లేకపోతే ఏ.డి.ఎం. కాగితాల్లో వెతుకుతూ వారాలు పోగొట్టుకోకండి. మెరైన్ అధికారుల కాగితాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో, ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉంటాయి. రిజర్వు అధికారులైతే క్యూ నేషనల్ ఆర్కైవ్స్‌లోనే, ఆర్.ఎన్.ఆర్. (రాయల్ నావల్ రిజర్వ్) వాళ్లకు ఏ.డి.ఎం. 240, ఆర్.ఎన్.వి.ఆర్. (వాలంటీర్ రిజర్వ్) వాళ్లకు ఏ.డి.ఎం. 337. నిజాం ప్రభుత్వం యుద్ధానికి ఇచ్చిన డబ్బు, ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు మీ వ్యాసానికి అవసరమైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లండి. యూనివర్సిటీ గైడ్ సంతకంతో ఉత్తరం, ఆధార్ కాపీ, కావాల్సిన ఏళ్లు రాసిన కాగితం తీసుకుపొండి. ఉత్తరంలో "బ్రిటిష్ నేవీ" అని మాత్రమే రాస్తే వెతికేవాళ్లకు ఏ శాఖ ఫైళ్లు తీయాలో తెలియదు. ఓడ పేరు, సంవత్సరం, "యుద్ధ విరాళం" అన్న మాట మూడూ రాయండి.